నోరాడిస్తే చాలు

దాదాపు నలభై ఏళ్లు నేను చర్చిలో పాడుతున్నట్టు నటించాను. పుస్తకం పట్టుకుని అందరితో పాటు నిలబడి, తెరవాల్సిన చోట నోరు తెరిచి, మూయాల్సిన చోట మూసేవాణ్ణి. పక్కన నిలబడ్డవాళ్లు కూడా కనిపెట్టలేకపోయారు. నా భార్యకే పెళ్లయిన ఆరేళ్లకు గానీ అనుమానం రాలేదు.

ఈ విద్య నాకు నేర్పింది మా అమ్మ. ఆళ్లగడ్డలో మా చర్చి పాటలన్నీ ఆమె చేతిమీదే నడిచేవి. మిరప చేలల్లో కూలికి పోయిన మనిషి. చదువు రెండో తరగతి. మిగతా అక్షరాలు కీర్తనల పుస్తకంలోనే కూడబలుక్కుని నేర్చుకుంది. ఆదివారం ఆమె తాళాలు పట్టుకుని ఎత్తుకుంటే తప్ప పాట కదిలేది కాదు. నాకు పదకొండేళ్లప్పుడు క్రిస్మస్ పాటలు నేర్పిస్తూ నా దగ్గర ఆగి, చెవి దగ్గరగా పెట్టి విన్నది.

"నీకు గొంతు లేదు నాయనా. ఊరికే నోరాడిస్తాండు, సాలు."

తిట్టలేదు. తల నిమిరి మరీ చెప్పింది. తడబడే ఆడపిల్లలకు మాత్రం "పాడంగ పాడంగ రాగం, మూలగంగ మూలగంగ రోగం" అని చెప్పి, "తప్పు, మల్లా పాడు" అంటూ పదిసార్లు పాడించేది. ఆ సామెత నా దాకా రాలేదు. ఆ రోజు నుంచి నేను స్నానాల గదిలో కూడా పాడలేదు. కోపం కాదు, నమ్మేశాను. అమ్మకు తెలియని పాట ఉంటుందా?

పెద్దయి లెక్కల టీచరునయ్యాక అమ్మ చేసిన పనే నేనూ చేశాను. పదో తరగతిలో వెనక బెంచీ వాళ్ల దగ్గర ఆగి, "నీకు లెక్కలు రావులే అప్పా. ఈ నాలుగూ బట్టీ పట్టు, గట్టెక్కుతావు," అనేవాణ్ణి. భుజం తట్టి మరీ చెప్పేవాణ్ణి. పిల్లల మీద దయ అది అనుకున్నాను.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఒక పొద్దున అమ్మ రొట్టె కాలుస్తూ పెనం ముందే కూలబడింది. నంద్యాల ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. కుడి చెయ్యి మొద్దుబారింది. మాట పోయింది. మనం చెప్పేదంతా అర్థమయ్యేది గానీ, ఆమె నోటికి ఒక్క మాటే మిగిలింది, "అదీ." నీళ్లు కావాలన్నా అదీ, నొప్పి అన్నా అదీ. నన్ను పిలవాలన్నా అదే. చర్చి ఆడవాళ్లు ప్రార్థనకు వస్తే గోడవైపు తిరిగి పడుకునేది. అంతమందికి పాట నేర్పిన నోరు అలా అయిపోయిందని ఆమెకు సిగ్గు. ఆ వీపు చూసి నేను పెరట్లోకి వెళ్లి ఏడ్చాను.

మాటలు నేర్పే డాక్టరమ్మ ఒకామె నంద్యాలలో ఉందని తెలిసి, వారానికోసారి బస్సులో తీసుకెళ్లడం మొదలుపెట్టాను. చిన్న వయసు మనిషి, కానీ మాట సూటి. మొదటి రోజే, "అమ్మకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఏంది సార్?" అని అడిగింది. పాటలన్నాను. "అయితే ఆమెకు బాగా వచ్చిన పాట ఒకటి ఎత్తుకోండి."

"నాకు రాదు మేడం."

"మీకు వస్తాదా రాదా అని నేను అడగలా. మాట రావాల్సింది ఆమెకు."

కళ్లు కిందికి దించుకుని, అమ్మ రోజూ పొయ్యి దగ్గర పాడుకునే కీర్తన ఎత్తుకున్నాను. నా గొంతు నాకే కొత్తగా, మొరటుగా వినిపించింది. రెండో చరణం దగ్గర పక్కనుంచి ఇంకో గొంతు కలిసింది. అమ్మ పాడుతోంది. ఒక్క అక్షరం పోకుండా, ముక్కలు కాకుండా పాడుతోంది. నేను బిత్తరపోయి ఆపేశాను. ఆమె కూడా ఆగిపోయి "అదీ" అంది.

మెదడులో మాట నడిచే దారి తెగినా పాట నడిచే దారి కొందరిలో మిగులుతుందని డాక్టరమ్మ చెప్పింది. రోజూ వాడే మాటల్ని ఆ పాట వరసలో పెట్టి పాడించాలి. ఎడమ చేత్తో తాళం వేయించాలి. అది పట్టుబడ్డాక వరస మెల్లగా వదిలేసి, మాట మాత్రం నిలబెట్టుకోవాలి. "ఎన్నాళ్లు పడతాదో చెప్పలేను. అసలొస్తాదో రాదో కూడా చెప్పలేను. మీరు ఆపితే మాత్రం రాదు," అంది.

మరుసటి రోజు పొద్దున్నే మా ఇంట్లో కచేరీ మొదలైంది. "నీళ్లూ కావాలీ", "అన్నం పెట్టూ", "కాలు నొస్తాందీ". పక్కింట్లో రాతి విగ్రహాలు చెక్కే ఆయన ఉలి ఆపి గోడ మీదుగా తొంగిచూశాడు. "ఏందన్నా, పొద్దుపొద్దున్నే ఎవర్నో కొడ్తాండావ్ అనుకుంటి," అన్నాడు. నా భార్య ఊరుకుంటుందా? "ఈ పాటకు మా అత్తకు మాటొస్తాదో రాదో గానీ, వీధిలో వాళ్లకు పోయేటట్లుండాది," అంది. నవ్వుతూనే అత్త పక్కన కూర్చుని తాను కూడా తాళం వేసేది.

మూడు నెలలు గడిచినా నాతో కలిసి పాడినంతసేపే అమ్మకు మాట. నేను ఆపితే మళ్లీ అదీ. ఒక రోజు స్కూలు నుంచి తలనొప్పితో వచ్చాను. "నీళ్లూ" అనే చోట ఆమె ఇరవయ్యోసారి ఆగిపోయింది. చేతిలోని గ్లాసు నేలకేసి కొట్టి, "ఎన్నిసార్లు చెప్పల్లమ్మా? రాదంటే రాదని చెప్పు, ఇడిసిపెడ్దాం," అని అరిచాను. అమ్మ తల దించుకుంది. నా వెనక బెంచీ పిల్లలు దించుకునేది అచ్చం అలాగే. గ్లాసు తీసి, నేల తుడిచి, ఆమె పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆమె ఎడమ చేత్తో నా చెయ్యి లాక్కుని, అరచేతి మీద మెల్లగా తాళం వేసింది. మొదలుపెట్టమని. నా గొంతు ఎంత దరిద్రంగా ఉందో ఆ ఇంట్లో అందరికన్నా బాగా తెలిసిన మనిషి ఆమె. అయినా మొదలుపెట్టమంది.

ఆ వారంలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె భిన్నాల దగ్గర తప్పు చేస్తే పక్కన కూర్చుని, ఎక్కడ దారి తప్పిందో చివరిదాకా చూశాను. పన్నెండు నిమిషాలు పట్టింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో అలా కూర్చున్నది ఎన్నిసార్లో లెక్కపెట్టాలంటే సిగ్గేసింది.

ఎండాకాలానికల్లా అమ్మ తనంతట తానే "నీళ్లూ కావాలీ" అని పాడి అడగసాగింది. అన్నం వచ్చింది, నొప్పి వచ్చింది, నా భార్య పేరు వచ్చింది. అన్నీ పాటే. వరస లేకుండా ఒక్క మాటా రాలేదు. ఇంతవరకేనేమో అని డాక్టరమ్మ మొహం చూసి నాకూ అనిపించింది.

అప్పుడే చర్చి పెద్దాయన వచ్చి, "అక్కా, దేవుడు నిన్ను నిలబెట్నాడు. ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుందామా?" అని అడిగాడు. మాలో జబ్బు నుంచి లేచినవాళ్లు ఆ కూడికలో లేచి, దేవుడు చేసిన మేలును సాక్ష్యంగా చెప్పాలి. అమ్మ చాలాసేపు ఆలోచించి తల ఊపింది. తర్వాత నన్ను చూపించి, నోటి దగ్గర వేళ్లు కదిపింది. తన సాక్ష్యం బదులు నన్ను పాడమని అర్థం.

ఆ సాయంత్రం చాపల మీద నలభై మంది కూర్చున్నారు. వంటింట్లో బొరుగుల ఉగ్గాని వాసన. నేను నలభై ఏళ్లుగా పాడుతున్నాననుకున్న వాళ్లంతా ఎదురుగా ఉన్నారు. అమ్మ కుర్చీ పక్కన నిలబడి, ఆమె కీర్తనే ఎత్తుకున్నాను. ఆమె ఎడమ చేత్తో తొడ మీద తాళం వేస్తోంది. మొదటి చరణం గట్టెక్కింది. రెండో చరణంలో పైకి వెళ్లే చోట గొంతు చీలి ఎటో పోయింది. ఎవరూ నవ్వలేదు. జాలిపడి తలలు దించుకున్నారు, అదే ఎక్కువ బాధగా ఉంది. నేను ఆగిపోయాను.

అమ్మ తాళం ఆపింది. నా చెయ్యి పట్టుకుని తన వైపు తిప్పుకుంది. పెదవులు రెండుసార్లు కదిలి ఆగాయి. ఎప్పటిలా "అదీ" వస్తుందనుకున్నాను.

"తప్పు," అంది.

వరస లేదు, తాళం లేదు. నాకు పదకొండేళ్లప్పుడు విన్న గొంతే. మా ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అమ్మ ఊపిరి తీసుకుని, వెతుక్కుని, ఒక్కొక్క మాటే బయటికి తెచ్చింది.

"మల్లా... పాడు... నాయనా."

కళ్లు తుడుచుకుని, మొదటి నుంచి ఎత్తుకున్నాను.