మా ఇంట్లో ఒకటి అనేవాళ్లు కాదు

నిన్న తెనాలి బజారులో మినుముల బస్తా విప్పుతుంటే లేచిన దుమ్ముకి తుమ్మాను. ఆ తుమ్ముతోనే రేపల్లెలో మా పాత వసారాలోకి వెళ్లిపడ్డాను.

మా ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఇంట్లో గింజలు కొలిచేటప్పుడు ఎవరూ "ఒకటి" అనేవారు కాదు. మొదటి కొలత మంచిమాటతో పడాలని మా నాయనమ్మ కుంచం నిండా మినుములెత్తి, "లాభం... రెండు... మూడు..." అంటూ గోతంలో పోసేది. మధ్యలో పిల్లి అడ్డం వస్తే పిల్లిని తిట్టి, మమ్మల్నీ తిట్టి, మళ్లీ లాభం దగ్గర మొదలుపెట్టేది. నేను లెక్కపెట్టడం నేర్చుకున్నది అక్కడే.

బళ్లో వేశాక మాస్టారు అంకెలు చెప్పమన్నారు.

"లాభం, రెండు, మూడు..."

"ఒకటి ఏదిరా?"

"మా ఇంట్లో ఒకటి అనరండి. లాభం అంటారండి."

పిల్లలు గొల్లుమన్నారు.

"అయితే మీ ఇంట్లో ఎవరికీ లెక్కలు రావన్నమాట. ఒకటి అనేదాకా నిలబడు!"

ఒకటి అన్నానంటే మా నాయనమ్మకి లెక్క రాదని నేనే ఒప్పుకున్నట్టు. అందుకే నిలబడ్డాను. ఇంటిగంట కొట్టాక మాస్టారు మళ్లీ అడిగారు.

"ఇప్పుడైనా చెప్తావా?"

"లాభం అండి."

తర్వాత సహజ సంఖ్యలూ పూర్ణాంకాలూ పాత పుస్తకాల్లో నాకు నేనే నేర్చుకున్నాను. చూస్తే ఏముంది? ఒకటి ప్రధాన సంఖ్య కాదట, సంయుక్త సంఖ్యా కాదట. అంత చదివినవాళ్లు కూడా దాన్ని ఈ రెండు పంక్తుల్లో దేంట్లోనూ కూర్చోబెట్టలేకపోయారు. మా నాయనమ్మ మాత్రం మంచి పేరు పెట్టి అన్నిటికన్నా ముందు కూర్చోబెట్టింది.

మళ్లీ నిలబెట్టినా ఇదే చెప్తానండి, మాస్టారూ.