అమ్మ పాడని రోజు

దోర్నపాల్ సంతలో ఇప్పపూల వాసన తగలగానే ఈ వయసులోనూ వెనక్కి తిరిగి చూశాను. మన అడవి ఊళ్లలో పెరిగిన మీకూ గుర్తుండే ఉంటుంది, ఎలుగుబంటి దగ్గరికి రాకూడదని మన అమ్మలు గట్టిగా పాడుతూ ఆ పూలు ఏరేవారు. మా అమ్మ రోజూ పొద్దున్నే ఆకాశాన్ని, తన మనసును చూసుకుని ఆనాటి పాట ఎంచుకునేది.

పట్నంలో చదివొచ్చిన బాబాయి ఒకరోజు అడ్డుపడ్డాడు.

"ఏంది వదినా ఆ అరుపులు? ఊరంతా నవ్వుతున్నరు. నోరు మూసుకొని ఏరరాదా?"

ఆరోజు అమ్మ పాడలేదు. చెట్టు వెనక గుర్రుమన్న చప్పుడు. ఎలుగు మావైపే వస్తోంది. అమ్మ నన్ను వెనక్కి లాగింది. పాడబోతే గొంతు పెగల్లేదు. నిన్నటి పాటను నేనే ఏడుస్తూ అందుకున్నాను. ఎలుగు ఆగి, పక్కకు మళ్లింది.

తర్వాతి కాలంలో బాబాయి జానపద గేయాల మీద ఉపన్యాసాలిచ్చి శాలువాలు కప్పించుకున్నాడు. అమ్మ మాత్రం పాట ఎంచుకునే ముందు ఆకాశం చూడటం మానేసింది. బాబాయి గుమ్మంలో ఉన్నాడేమోనని చూసేది.