సగంలో ఆపింది నేనే

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. మింగితే దిగదు, కక్కితే రాదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పాలంటే ముందు వాళ్ల ముఖం చూడాలి, చూడగానే వీళ్లు ఇది పోయి ఎవరి చెవిన వేస్తారో అన్న అనుమానం వస్తుంది. మీ మీద అనుమానం లేదని కూడా చెప్పను. నా పేరు రాయకపోవడం అందుకే.

నేను నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంట్‌లో వంట చేస్తాను. తొమ్మిదేళ్లుగా అదే ఇల్లు. సారుది వరంగల్ వైపు, మేడంది గోదావరి వైపు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే. చెడ్డవాళ్లు కారు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత నేను చెప్పేది వింటే తప్పు వాళ్ల మీదకు తోస్తున్నానని మీరనుకోవచ్చు. తోయాలని నాకూ ఉంటుంది. అందుకే ముందే చెబుతున్నాను.

పనిలో చేరిన మూడో ఏడు మేడం చెవిదిద్దు ఒకటి పోయింది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. మర్నాడు హాలులో కెమెరా వచ్చింది. వారం తర్వాత ఆ దిద్దు వాషింగ్ మెషీన్ జాలీలో దొరికింది. మేడమే నవ్వుతూ తెచ్చి చూపించింది. కెమెరా మాత్రం పోలేదు. పార్సిళ్లు తెచ్చేవాళ్ల కోసం అన్నారు. పార్సిళ్లు గేటు దగ్గరే ఆగిపోతాయి.

అప్పటి నుంచి ఆ ఇంట్లో చేతులు కనబడేలా నడవడం నేర్చుకున్నాను. కొంగున ఏదైనా ముడి వేసుకునే అలవాటు మానేశాను. వంటింట్లో కెమెరా లేదు. అదొక్కటే నా చోటు. కాళ్లు లాగితే అక్కడ పీట వేసుకుని కూర్చునేదాన్ని.

సారు దగ్గర చేతిలో పట్టుకుని ఆడుకునే పాత గేమ్ మిషను ఒకటి ఉండేది. చదువుకునే రోజుల్లో కొన్నారట. పౌడర్ డబ్బాలా మూత తెరుచుకుంటుంది. పైన ఒక తెర, కింద ఒక తెర. మూత వెనక రెండు చిన్న గాజు కళ్లు. దానికి కొత్త ఆటలు రావడం ఆగిపోయిందనీ, లోపల ఉన్న సాఫ్ట్‌వేర్ తీసి బయటివాళ్లు తయారుచేసిన వేరేది ఎక్కిస్తే మళ్లీ పనికొస్తుందనీ సారు మేడంతో అంటుంటే విన్నాను. తానే చేయాలంటే సారుకు భయం. షాపులో ఇవ్వాలన్నా భయమే, లోపలి పార్టులు మార్చేస్తారని. అందుకే రిపేరు ఆయన్ని ఇంటికి పిలిపించి, కళ్లముందే చేయమన్నారు.

ఆయనది మా రోడ్డు చివర చిన్న దుకాణం. ఫోన్లు, రిమోట్లు, ఇలాంటి మిషన్లు బాగుచేసేవాడు. నలభై దాటిన మనిషి. అపార్ట్‌మెంట్‌లో ఏది చెడినా ఆయన్నే పిలిచేవారు. అందరూ భాయ్ అనేవారు, నేనూ అలాగే అనేదాన్ని.

అది శుక్రవారం. సారు ఇంటి నుంచే పని చేసే రోజులు. మొదట పక్కనే కూర్చున్నారు. అంతలో ఆఫీసు మీటింగ్ వచ్చింది. గదిలోకి పోతూ భాయ్‌తో ఇంగ్లీషులో ఏదో అన్నారు. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ సారు వంటింటి వైపు చూశారు. చూశారా? లేక గడియారం చూశారా? గడియారం కూడా అటువైపే ఉంది.

ఒంటిగంట దగ్గర పడుతుంటే భాయ్ లేచాడు. డైనింగ్ టేబుల్ మీద మిషనుకు చార్జర్ పెట్టి, చక్కెర డబ్బాకు ఆనించి నిలబెట్టాడు.

“అమ్మా, జర సూస్కోండ్రి. దీన్ల పాత బుర్ర పోయి కొత్త బుర్ర ఎక్కుతున్నది. అయ్యేదాంక ముట్టొద్దు, బంద్ చెయ్యొద్దు. నడుమ ఆగితే పాతదీ ఉండది, కొత్తదీ ఉండది.”

“నేనెందుకు ముడ్త భాయ్? గంటె తిప్పుడు తప్ప నాకేమెర్క?”

“అందరు అట్లనే అంటరు. మల్ల దుమ్మున్నదని గుడ్డ పట్కొని వస్తరు.” నవ్వాడు. “నమాజ్ చేస్కొని అర్ధగంటల వస్త. సార్ మీటింగ్‌ల ఉన్నరు, పరేషాన్ చెయ్యకుండ్రి.”

ఆయన పోయాక చూశాను. మిషను తెరలు కుర్చీ వైపు ఉన్నాయి. ఆ రెండు గాజు కళ్లు వంటింటి వైపు ఉన్నాయి. నేను కూర్చునే పీట వైపు.

ముట్టొద్దని ఎందుకన్నాడు? సారును పిలవొద్దని ఎందుకన్నాడు? హాలులో ఉన్నది చాలక ఇది కూడా పెట్టారా? అన్నం వారుస్తూ దాన్నే చూశాను. దాని అంచున చిన్న లైటు వెలుగుతోంది. హాలు కెమెరాకూ అలాంటి లైటే ఉంది. మెల్లగా వెనక్కి పోయి తెర చూశాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వరుసలు వరుసలుగా దిగుతున్నాయి. కింద ఒక గీత కొంచెం కొంచెంగా నిండుతోంది. నేను చూస్తుండగానే ఇంకో వరుస వచ్చింది. చదువు రాని మనిషికి ఏ రాత చూసినా అది తన గురించేనేమో అనిపిస్తుంది. నేను లేచానని రాసింది, ఇటు వచ్చానని రాసింది, అనుకున్నాను.

దాన్ని అటు తిప్పి పెడితే సరిపోయేది. ఈ ఆరేళ్లలో ఎన్నిసార్లు అనుకున్నానో. ఎందుకు తిప్పలేదు? దిద్దు దొరికిన రోజు రావలసిన కోపం నాకు ఆ రోజు వచ్చినట్టుంది. చార్జర్ పీకాను. అక్షరాలు ఆగలేదు. నా ఫోను మొరాయిస్తే ఎలా చేస్తానో అలా బటన్ గట్టిగా నొక్కి పట్టాను. తెర నల్లబడింది. లైటు ఆరిపోయింది.

అంతవరకైతే తెలియక చేశానని చెప్పుకోవచ్చు. కానీ ఆ తర్వాత చార్జర్ మళ్లీ ఎలా ఉన్నదో అలా పెట్టాను. డబ్బాకు అలాగే ఆనించాను. భుజం మీది గుడ్డతో నా వేలిముద్రలు పడ్డచోట తుడిచాను. తెలియక చేసినవాళ్లు తుడుస్తారా?

భాయ్ వచ్చాడు. బటన్ నొక్కాడు. నీలం లైటు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే. చాలాసేపు దాని మీదే వంగి ఉన్నాడు. మీటింగ్ అయ్యి సారు వచ్చేసరికి ఆయన నుదురంతా చెమట.

“సార్, ఎవరో నడుమ ఆపిన్రు.”

“ఎవలు ఆపుతరు? ఇంట్ల ఎవలున్నరు?” అన్నారు సారు.

ఇద్దరూ నా వైపు చూశారు. ఆ చప్పుడుకు తన గదిలో పని చేసుకుంటున్న మేడం వచ్చింది. “ఆవిడెందుకు ముట్టుకుంటుందండీ? పాపం, ఆవిడకి చదువే రాదు.”

“అవు మేడం. నాకేం ఎర్క? నాకు సదువు రాదు” అన్నాను.

అదే మొదటిసారి ఆ మాట నాకు సిగ్గుగా అనిపించకపోవడం. బాకా ఊదినట్టు గట్టిగా అన్నాను. తెర మీద రాసింది చదవలేకపోయాను, నిజమే. కానీ ముట్టొద్దని ఆయన నోటితో చెప్పాడు కదా. వినడానికి చదువు కావాలా?

భాయ్ మిషను మూత అంచున వేలితో రుద్ది చూశాడు. మూత మీద మిగతా అంతా ఆయన వేళ్ల మరకలే, నేను తుడిచిన చోటు మాత్రం అద్దంలా మెరుస్తోంది. నా భుజం మీది గుడ్డను చూశాడు. నా ముఖం చూశాడు. ఏదో అంటాడనుకున్నాను.

“సరే సార్. నేనే ఖరాబ్ చేసిన అనుకోండ్రి” అన్నాడు.

సారు నమ్మలేదు. చెడగొట్టలేదు, లోపలి మంచి పార్టు తీసేశాడు అన్నారు. సంచి విప్పమన్నారు. ఆయన విప్పి ఒక్కొక్కటీ టేబుల్ మీద పెట్టాడు. స్క్రూడ్రైవర్లు, వైర్లు, ఒక టోపీ, సగం తిన్న బిస్కెట్ పాకెట్. దిద్దు పోయిన రోజున నా సంచి ఎవరూ విప్పమనలేదు. ఆయన సంచి విప్పుతుంటే నేను పప్పుకు తాలింపు వేశాను.

ఆయనకు తెలుసా? తెలిసే నన్ను కాపాడాడా? లేక వంటమనిషి మాట తన మాట రెండూ తూకం వేస్తే ఏది తేలిపోతుందో ఆయనకు అలవాటైన లెక్కా? తేల్చుకోలేకపోయాను. ఇంకో అనుమానం కూడా ఉంది. హాలు కెమెరాలో ఆ టేబుల్ సగమైనా కనబడుతుంది. సారు ఆ రాత్రే చూసి ఉంటే? చూసి, మంచి వంటమనిషి మళ్లీ దొరకదని ఊరుకుని ఉంటే? ఆ వారంలోనే కెమెరా తలుపు వైపు తిప్పారు. ఎందుకు తిప్పారో నేను అడగలేదు. సారు కూర బాగుందని మెచ్చుకున్నప్పుడల్లా ఆ మాట కింద ఇంకేదో ఉందేమోనని వెతుక్కుంటాను.

భాయ్ మళ్లీ మా అపార్ట్‌మెంట్‌కు రాలేదు. నేను అడగలేదు.

రెండేళ్ల కింద మా బస్తీ కమ్యూనిటీ హాలులో ఒక రిటైరైన టీచరమ్మ ఆదివారాలు పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. యాభై దాటాక పోయి చేరాను. మేడం సంతోషపడి పలక కొనిచ్చింది. అందరూ మెచ్చుకుంటుంటే నాకు లోపల గుబులు. చదువు రాదన్న మాట ఇక నాకు పనికిరాదు.

బస్సు బోర్డులు చదివాను. మందుల చీటీ మీద నా పేరు చదివాను. ఒకరోజు పొద్దున గేటు దగ్గర పనివాళ్ల రిజిస్టరులో సంతకం పెడుతుంటే సెక్యూరిటీ గది అద్దానికి లోపలివైపు అంటించిన కాగితం కనబడింది. ఎప్పటి నుంచో అక్కడే ఉంది, రోజూ చూస్తున్నదే. కూడబలుక్కుని చదివాను. ఈ కింది వారిని లోపలికి పంపరాదు. కింద మూడు పేర్లు. రెండో పేరు భాయ్‌ది. పక్కన దుకాణం పేరు, దాని పక్కన ‘దొంగతనం’ అని.

నాలుగేళ్లు ఆ మాట ముందు నిలబడి నేను వేలిముద్ర వేశాను.

ఆ సాయంత్రం దుకాణానికి పోయాను. అక్కడ కర్రీ పాయింట్ పెట్టారు. పక్కనున్న దర్జీని అడిగితే, “భాయ్ ఎప్పుడో పాయెనమ్మా. పక్క అపార్ట్‌మెంటోల్లు గూడ పిలుసుడు బంద్ చేసిరి. యాడికి పోయిండో ఎర్కలేదు” అన్నాడు. నేను దొరకలేదని బాధపడ్డానా, ఊపిరి పీల్చుకున్నానా? నిజం చెప్పాలంటే ముందు ఊపిరే పీల్చుకున్నాను.

ఆ కాగితం చింపేద్దామని చాలాసార్లు అనుకున్నాను. కాపలా ఆయన టీకి పోయినప్పుడు ఒక్క నిమిషం చాలు. కానీ అది కూడా ఎవరూ చూడకుండా సర్దిపెట్టడమే అవుతుంది. ఆ పని ఒకసారి చేశాను. మేడంకు చెప్పాలి. ఇంకా చెప్పలేదు. రేపు చెబుతానని మీకు మాటివ్వను. నా మాట మీద నాకే నమ్మకం లేదు. పేరు లేకుండా రాస్తే ఎవరికి మేలు అని మీరడగొచ్చు. ఆయనకైతే కాదు.

మూడు రోజులు పట్టింది ఇది రాయడానికి. ఆయన పేరు ఎక్కడా రాయలేదు. ఇన్నాళ్లూ ఆ పేరు పక్కన అబద్ధమే ఉంది. ఈ నిజం పక్కన రాయాల్సింది ఆయన పేరు కాదు, నాది. అది రాసే ధైర్యం ఇంకా రాలేదు. చెప్పగలిగినంత మటుకు చెబుతున్నాను. ఆయన దొంగ కాదు. చేతగానివాడూ కాదు. ఎవరో నడుమ ఆపారని ఆయన చెప్పింది నిజం. ఆ ఎవరో నేను.