వెళ్ళొచ్చే శేషగిరి

శేషగిరికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరి దగ్గర సెలవు పుచ్చుకున్నా "వెళ్ళొస్తానండీ" అంటాడు. అందులో జబ్బేముంది, తెలుగువాళ్ళం అందరం అంటాం కదా అని మీరనవచ్చు. మనం అని ఊరుకుంటాం. శేషగిరి నిజంగానే వస్తాడు.

మిల్టన్ కీన్స్‌లో మా ఇంటికి మొదటిసారి భోజనానికి వచ్చినప్పుడే ఆ సంగతి బయటపడింది. మా ఆవిడ ప్రసన్నలక్ష్మిది రేపల్లె, అతనిదీ రేపల్లె. ఆ ఒక్క ముక్కతో ఆవిడ అతనికి అక్క, నేను బావగారు అయిపోయాం. పెరుగన్నం దాకా తిని, "వెళ్ళొస్తానక్కా, వెళ్ళొస్తాను బావగారూ" అని మర్యాదగా బయలుదేరాడు. తలుపు వేసి సోఫాలో కూలబడ్డానో లేదో బెల్లు మోగింది.

"ఏం శేషగిరీ, ఏమైనా మర్చిపోయావా?"

"లేదండీ. వెళ్ళొస్తానన్నానుగా. వచ్చాను."

"వచ్చి?"

"వచ్చి ఏముందండీ? వచ్చాను. మంచినీళ్ళుంటే ఇప్పించండి."

నీళ్ళు తాగి లేచాడు. గుమ్మం దగ్గర మళ్ళీ నోరు తెరవబోతుంటే నాకు కంగారు పుట్టింది. "వెళ్తున్నానని చెప్పు, చాలు" అన్నాను.

"ఛఛ, అవేం మాటలండీ, అశుభం!" అని చెంపలేసుకుని, "వెళ్ళొస్తాను" అనేశాడు.

అదృష్టవశాత్తూ ఆ రెండో రాక ఆదివారం దాకా వాయిదా పడింది. "ఎప్పుడొస్తానని చెప్పలేదు కదండీ, వస్తానని చెప్పాను. వస్తే సరిపోతుంది" అని అతని లెక్క. ఇలా అతను ఎక్కడెక్కడికి రావలసి ఉందో అతని బుర్రలో ఎప్పుడూ తిరుగుతూ ఉండేది.

తెలుగువాళ్ళతో ఆగిపోయినా బాగుండేది. ఆ ముక్కని ఇంగ్లీషులోకి కూడా మార్చుకున్నాడు. "ఐ విల్ గో అండ్ కమ్." డాక్టరుగారి క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయితో అలాగే అంటే, ఆ పిల్ల ఇంకో అపాయింట్‌మెంట్ రాసేసింది. ఇతను వెళ్ళాడు. ఒంట్లో ఏమిటి బాధ అని డాక్టరు అడిగితే, "ఏమీ లేదండీ, వస్తానని చెప్పాను" అన్నాడు. ఆయన చాలాసేపు ఇతని కళ్ళలోకి లైటు వేసి చూశాడట. అంతకుముందు మద్రాసులో వీసా ఇచ్చిన ఆఫీసరుతో కూడా అదే అన్నాడు. ఆవిడ, "వెళ్ళండి. రానక్కర్లేదు, వీసా ఇచ్చేశాం" అంది. ఇతను మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళి క్యూలో నిలబడ్డాడు. గేటు దగ్గర వాచ్‌మన్ తరిమేదాకా కదల్లేదు.

2004లో అతను పనిచేసే కంపెనీ ఇంగ్లండులో కొట్టు కట్టేసింది. బ్రాక్‌నెల్‌లో ఇంకో కంపెనీ తీసుకుంటామంది కానీ, కొత్త వర్క్ పర్మిట్ రావాలి. అది వచ్చేదాకా పని చెయ్యకూడదు. రాకపోతే మూటాముల్లే సర్దుకుని రేపల్లె వెళ్ళాలి. శేషగిరి ఆ రూలుని ఎంత భక్తిగా పాటించాడంటే, మా ఇంట్లో కర్టెన్ రాడ్డు ఊడితే బిగించడానికి కూడా ఒప్పుకోలేదు.

"నేనేం జీతమివ్వనురా" అంది మా ఆవిడ.

"జీతం లేకపోయినా పని పనే కదక్కా. పర్మిట్ రానీ, ఇల్లంతా బిగించేస్తాను."

జీతం లేనివాడికి అద్దె గది ఎందుకని అది ఖాళీ చేశాడు. ఇండియా వెళ్ళిపోతున్న కొలీగ్ దగ్గర ఒక ముసలి క్యాంపర్‌వ్యాన్ తీసుకున్నాడు. అందులో ఒక మంచం, ఒక పొయ్యి, గిన్నెంత సింకు. ఎత్తు ఎక్కాలంటే దాన్ని సైకిళ్ళవాళ్ళు దాటుకుపోయేవాళ్ళు. ఉత్తరాలకూ ఫోన్లకూ మా ఇల్లు అడ్రసు ఇచ్చి, బియ్యం, కందిపప్పు, కొండలెక్కే బూట్లు వేసుకుని ఒంటరిగా ఉత్తరదిక్కుకి బయలుదేరాడు. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తానన్నాడు. ఆ తరవాత ఏమన్నాడో చెప్పక్కర్లేదు. రౌండబౌట్ దాకా వెళ్ళి, చుట్టూ తిరిగి, మా గుమ్మం ముందుకొచ్చి హారన్ కొట్టి, అప్పుడు వెళ్ళాడు.

జబ్బు వల్ల ప్రయాణం ముందుకు సాగేది కాదు. పీక్ డిస్ట్రిక్ట్‌లో ఒక కొండ ఎక్కితే, పైన ఒక ముసలి జంట శాండ్‌విచ్‌లు తింటూ కనిపించారట. కాసేపు కబుర్లాడి, "ఐ విల్ గో అండ్ కమ్" అని దిగాడు. మర్నాడు మళ్ళీ ఆ కొండ ఎక్కాడు.

"వాళ్ళున్నారా?" అన్నాను ఫోన్‌లో.

"ఎందుకుంటారండీ? వాళ్ళు ఇంటికెళ్ళి ఉంటారు."

"మరి నువ్వెందుకెక్కావయ్యా?"

"మన వంతు మనం రావాలి కదండీ. అరగంట కూర్చుని దిగాను. నిన్నటికంటే ఎండ బాగుంది."

ఇంకోసారి రోడ్డు పక్కన వ్యాను ఆపుకుని చారు కాచుకుంటుంటే పోలీసాయన వచ్చి, ఇక్కడ ఆపకూడదు కదలమన్నాడు. శేషగిరి పొయ్యి కట్టేసి, వినయంగా, "ఐ విల్ గో అండ్ కమ్ సర్" అన్నాడు.

"నో, నో" అన్నాడట పోలీసాయన. "జస్ట్ గో."

పోలీసు మాట కాదనలేడు, తన మాట తప్పలేడు. చివరికి వ్యాను ఊళ్ళో వదిలేసి, మర్నాడు నడిచి వెళ్ళి అదే చోట నిలబడి వచ్చాడు.

ఇలా పాక్కుంటూ పాక్కుంటూ లేక్ డిస్ట్రిక్ట్ చేరాడు. అక్కడినుంచి కబుర్లు తగ్గిపోయాయి. ఏ ఆదివారం చూసినా, "ఇక్కడే ఉన్నానండీ. ఇక్కడో కొండ ఉంది. ఎక్కడం దిగడం, దాంతోనే సరిపోతోంది" అనేవాడు. ఒకే కొండ అన్ని వారాలు ఎక్కడమేమిటో నాకు అర్థం కాలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం బ్రాక్‌నెల్ కంపెనీ నుంచి నా సెల్లుకి ఫోన్ వచ్చింది. పర్మిట్ వచ్చేసింది. ప్రాజెక్టు సోమవారం మొదలు, అతను సోమవారం పొద్దున్న ఆఫీసులో ఉండాలి, లేకపోతే ఇంకొకరిని తీసుకుంటామని ఫోన్ చేసినావిడ తియ్యగా చెప్పింది. శేషగిరి సెల్లుకి ఆ కొండల్లో సిగ్నల్ లేదు. మా ఇంటి ఫోన్‌కి చివరగా వచ్చింది కిందటి ఆదివారం అతను చేసిన ఫోనే కనుక, చివరిసారి చేసినవాళ్ళ నెంబరు చెప్పే 1471 కొట్టి మా ఆవిడ నెంబరు పట్టింది. చేస్తే ఒక ముసలావిడ ఎత్తింది.

"శేషగిరి ఉన్నాడాండీ?"

"కోళ్ళ దగ్గరికెళ్ళాడు. వెళ్ళొస్తానన్నాడు, వస్తాడు" అందావిడ ఇంగ్లీషులో, ఎంతో నమ్మకంగా.

వచ్చాడు. సంగతి చెప్పాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను.

"సోమవారమాండీ? ఒక్క వారం ఆగమని అడిగితే బాగుండదా?"

"అడిగాను. ఆగరట. ఇదిపోతే నువ్వు రేపల్లె పోవడమే!"

"చూస్తానండీ" అని పెట్టేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎన్నో నెలలు ఎదురుచూసిన పర్మిట్ వస్తే, కోళ్ళ కోసం కాలదన్నుకుంటాడా! ఆ ముసలావిడకి మళ్ళీ ఫోన్ చేసి అడ్రసు కనుక్కుని, శనివారం పొద్దున్నే మా ఆవిణ్ణి కారెక్కించుకుని, చెవి పట్టుకుని లాక్కొద్దామని బయలుదేరాను. దారి పొడుగునా అతనికి పెట్టాల్సిన చీవాట్లు సర్దుకుంటూనే ఉన్నాను.

సందు చివర రాతి గోడల ఇల్లు. ఇంటి పక్క గడ్డి మీద మన వ్యాను. వంటింట్లో కుర్చీలో, మా ఫోనెత్తిన ఎనభై ఏళ్ళ మిసెస్ బర్కెట్, స్టూలు మీద పిండికట్టు వేసిన కాలు. శేషగిరి భుజాన టవలు వేసుకుని బొగ్గుల బకెట్టుతో లోపలికి వస్తున్నాడు.

"రండి బావగారూ, రా అక్కా! టీ పెడతాను. ముందు కోళ్ళని గూట్లో వెయ్యాలి, వెళ్ళొస్తా" అని మాయమయ్యాడు.

చీవాట్లన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. మిసెస్ బర్కెట్ మమ్మల్ని కూర్చోమంది.

"నా పొలంలో వ్యాను పెట్టుకుని రెండ్రోజులుండి వెళ్ళాడు" అందావిడ. "మర్నాడు తిరిగొస్తే ఏదో మర్చిపోయాడనుకున్నాను. ఇంకో నాలుగు రోజులకి మళ్ళీ వచ్చాడు. పాపం కాస్త తేడా అనుకున్నాను. మూడోసారి వచ్చేసరికి నేను కోళ్ళగూడు దగ్గర కాలు విరిగి పడున్నాను. పొద్దుటినుంచి కేకలేస్తున్నా వినేవాళ్ళు లేరు. చీకటి పడుతుంటే గేటు దగ్గర ఆ వ్యాను దగ్గు వినిపించింది."

ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాక, ఇంట్లో ఎవరూ తోడు లేకపోతే వృద్ధుల హోమ్‌లో చేర్చాల్సి ఉంటుందన్నారట కౌన్సిల్ వాళ్ళు. హోమ్‌కి వెళ్తే కోళ్ళని అమ్మెయ్యాలి. ఆ వయసులో వెళ్ళినవాళ్ళు తిరిగి ఇంటికి రారని ఆవిడ భయం. అప్పుడు శేషగిరి, తనకి వేరే తొందరేమీ లేదని చెప్పాడట. కెనడాలో ఉన్న ఆవిడ మేనకోడలు మంగళవారం వస్తోంది. అందుకన్నమాట, ఆ ఒక్క వారం అడిగింది. అన్ని వారాలూ అతను ఎక్కి దిగిన కొండ ఆ ఇంటి మేడమెట్లే.

శేషగిరి వచ్చాక నిలదీశాను. "మా కర్టెన్ రాడ్డు బిగించడానికి పర్మిట్ లేదన్నావే! ఇదంతా ఏమిటి?"

అతను భయంభయంగా అటూ ఇటూ చూశాడు. "పని కాదండీ బాబూ, పెద్దగా అనకండి. వస్తానన్నాను, వచ్చాను. వచ్చినవాణ్ణి ఊరికే ఎలా కూర్చుంటాను?"

"అసలు ఎందుకయ్యా నీకీ వెళ్ళి రావడాలు?"

"ఒంటరిగా ఉండేవాళ్ళకి వెళ్ళొస్తానంటే ఆ మాట నమ్ముతారండీ. మర్నాడు టీకి రెండు కప్పుల నీళ్ళు పోస్తారు. మనం వెళ్ళకపోతే ఆ రెండో కప్పు ఏం చేసుకుంటారు?"

అతని మీద వచ్చిన కోపం ఎటు పోయిందో తెలియలేదు. మా ఆవిడ మాత్రం అప్పటికే చీరకొంగు దోపుకుని సింకు ముందు నిలబడింది. "మంగళవారం దాకా మేమిద్దరం ఇక్కడే ఉంటాం. నువ్వు రేపు బయలుదేరరా" అంది. నాకు సెలవు ఉందో లేదో అడగనే లేదు.

ఆదివారం మధ్యాహ్నం ప్రయాణం. కోళ్ళలో ఏది పొడుస్తుందో, ఏది గోడ దూకుతుందో నాకు మూడుసార్లు అప్పజెప్పాడు. మిసెస్ బర్కెట్ ఒక అట్టపెట్టె నిండా గుడ్లు పెట్టి చేతికిచ్చింది. శేషగిరి చటుక్కున చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"బావగారూ, ఇది జీతం కిందికొస్తుందేమోనండీ! పర్మిట్ బ్రాక్‌నెల్ కంపెనీకే కదా."

"నీ మొహం! జీతమేమిట్రా?" అంది మా ఆవిడ. "సారె పెడుతోంది ఆవిడ. కళ్ళకద్దుకుని పుచ్చుకో."

పుచ్చుకున్నాడు. గుమ్మం దగ్గర నోరు తెరిచి, మూసుకున్నాడు. కొత్త ఉద్యోగం, మూడువందల మైళ్ళ దూరం. ఎప్పుడు రాగలడో అతనికే తెలియదు. జన్మలో మొదటిసారి అతనికి ఆ మాట నోట రాలేదు. బూట్లకేసి చూసుకుంటూ నిలబడిపోయాడు.

మిసెస్ బర్కెట్ కుర్చీలోంచే చెయ్యి ఊపింది. "గో అండ్ కమ్, లవ్" అంది.

ఇంగ్లీషు మాటే గాని, రేపల్లెలో పెద్దవాళ్ళు "వెళ్ళిరా నాయనా" అన్నట్టే వినిపించింది. శేషగిరి తల ఊపి వ్యానెక్కాడు. వ్యాను దగ్గుతూ సందు మలుపు తిరిగింది. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను కోళ్ళకి గింజలు తీద్దామని లేచాను.

నాలుగు గింజలు జల్లానో లేదో సందులో మళ్ళీ దగ్గు. వ్యాను గేటు ముందాగింది.

"ఏమైందయ్యా? చెడిపోయిందా?"

"లేదండీ. ఆవిడ వెళ్ళి రమ్మంది కదా. పెద్దావిడ మాట బాకీ పెట్టుకుని అంతదూరం పోవడం నాకు మంచిదనిపించలేదు. వచ్చానని చెప్పండి." వ్యాను వెనక్కి తిప్పుకుంటూ, కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "శుక్రవారం ఆఫీసయ్యాక వచ్చేది వేరేనండోయ్, అది ఇందులో కలపకండి!"