అరగంట ముందు విప్పిన నల్లా

2023 నవంబరు. జర్మనీలోని ఆకెన్‌లో తాగునీటి పరీక్షలు చేసే ఒక ల్యాబ్‌లో నేను చేరి అప్పటికి ఆరేళ్లు. ఇళ్లకు వెళ్లి కుళాయి నీళ్లు సీసాల్లో పట్టి తేవడం నా పని. తేలికే అనిపిస్తుంది కానీ, నీళ్లు ఎప్పుడు పట్టామన్నదే అసలు సంగతి. పైపులో సీసం ఉందో లేదో తేలాలంటే స్టాగ్నేషన్ శాంపిల్ తీయాలి. అంటే నాలుగు గంటలపాటు ఎవరూ కుళాయి తిప్పకుండా పైపులోనే నిలిచిన నీళ్లు. ముందే నీళ్లు వదిలేస్తే విషపు పైపు కూడా పాసవుతుంది.

ఆ రోజు వెళ్లిన ఇల్లు పంతొమ్మిదో శతాబ్దంలో బట్టల మిల్లు కార్మికుల కోసం కట్టిన వరసలోది. ఆ కాలంలో ఇలాంటి ఊళ్లలో బావుల్లోకి మురుగు దిగి, జనం కలరాతో, టైఫాయిడ్‌తో పోయేవాళ్లు. డాక్టర్లూ ఇంజినీర్లూ ఏళ్ల తరబడి పోట్లాడితే గానీ కార్మికుల ఇళ్లకు కుళాయిలు రాలేదు. వాటికి చాలాచోట్ల వేసినవి సీసం పైపులు. వద్దన్న వాళ్లు అప్పుడే ఉన్నారు. వాళ్ల మాట ఎవరూ వినలేదు.

రెండో అంతస్తులో తలుపు తీసింది స్వప్న. కరీంనగర్ అమ్మాయి, భర్తది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చంకలో ఐదు నెలల పాప.

"పొద్దున్నించి కుళాయి తిప్పారా?" అనడిగాను.

"నేను తిప్పలే అక్కా. గానీ హౌస్‌మైస్టర్ అరగంట కింద వచ్చి నల్లా మొత్తం ఇప్పి పెట్టిండు. పైపులు సాఫ్ చేస్తున్న అన్నడు."

హౌస్‌మైస్టర్ అంటే ఓనర్ తరఫున బిల్డింగ్ చూసుకునే మనిషి. "ఇదివరకు కూడా ఇలా చేశాడా?"

"పోయినేడు మీరొచ్చినప్పుడు గూడ చేసిండు గదా."

సీసా కింద పెట్టేశాను. పోయినేడు ఈ నీళ్లు పట్టింది నేనే. ఫారంలో నాలుగు గంటలు నిలిచిన నీళ్లేనా అన్న గడిలో హౌస్‌మైస్టర్ మాట మీద టిక్కు పెట్టిందీ నేనే. ఆ కాగితం నమ్మి స్వప్న కడుపుతో ఉన్నన్నాళ్లూ ఈ నీళ్లే తాగింది.

కెల్లర్‌లోకి, అంటే ఇంటి కింది నేలమాళిగలోకి దిగాను. నీళ్ల మీటరు దగ్గరంతా మెరిసే రాగి పైపు. అది గోడలోకి దూరే చోట మాత్రం తెల్ల పెయింటు పూసిన పాత పైపు. నాణెంతో గీకితే వెన్నలా మెత్తగా గీరుకుని వెండిలా మెరిసింది. సీసం.

పైకి వచ్చి కుళాయికి సీలు టేపు వేశాను. "నాలుగు గంటలు ఇక్కడే కూర్చుంటా" అన్నాను.

స్వప్న కొని తెచ్చిన సీసా నీళ్లతో టీ పెట్టింది. కప్పు నా ముందు పెడుతూ అడిగింది. "పాప పాలల్ల ఈ నీళ్లే కలుపుతున్న. మరగబెట్టే పోస్తున్న అక్కా, ఏం గాదు గదా?"

"మరగబెడితే క్రిములు చస్తాయి. సీసం పోదమ్మా."

 స్వప్న లేచి, కలిపి పెట్టిన పాలు సింకులో పారబోసి, ఖాళీ సీసా పట్టుకుని అక్కడే నిలబడింది.

మూడో గంటలో, హౌస్‌మైస్టర్ చెప్పాడేమో, మా ల్యాబ్‌తో పరీక్ష చేయించే ఓనర్ ఫోన్ చేశాడు. "నూట ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో అవే నీళ్లు తాగుతున్నారు. ఎవరికి ఏమైంది?"

"ఎవరికి ఏమైందో మీరెప్పుడైనా అడిగారా?"

"రేపే ల్యాబ్ మారుస్తాను."

"మార్చుకోండి. ఈ సీసా మాత్రం నాతోనే వస్తుంది."

నాలుగు గంటలు నిండాక పట్టిన నీళ్లలో సీసం పరిమితికి ఎన్నో రెట్లు తేలింది. రిపోర్టు ఆరోగ్య శాఖకు వెళ్లింది, ఆర్డరు వచ్చింది, వసంతానికల్లా గోడలు పగలగొట్టి పైపులు మార్చారు. పోయినేటి సర్టిఫికెట్ తప్పని నేను రాతపూర్వకంగా ఇస్తానంటే మా మేనేజరు, "అయిపోయిందిగా, ఎందుకు కెలకడం?" అన్నాడు. అయినా ఇచ్చాను. పాప రక్తంలో సీసం కనబడింది. మెల్లగా తగ్గుతుందన్నాడు డాక్టరు. ఇప్పటిదాకా చేసిన చెరుపు మాటేమిటని స్వప్న అడిగితే, అది ఇప్పుడే చెప్పలేమన్నాడు.

అప్పటినించీ ఏ ఇంటికెళ్లినా ముందు వంటింట్లో ఉన్న మనిషినే అడుగుతున్నాను, ఆ తర్వాతే ఫారం తీస్తున్నాను. ఓనర్ మీద కోపం తగ్గలేదు, తగ్గించుకోను కూడా. కానీ పోయినేడు కూడా స్వప్న ఆ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేది.