శనివారం కట్టెలు

దయ్యాలు, చేతబడి, దిష్టి అంటూ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. చిన్నప్పుడు మా అమ్మ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తే, దగ్గు వస్తోందని పోట్లాడేదాన్ని. ఇప్పుడూ మారలేదు. దయ్యాన్ని చూశానని నేను చెప్పడం లేదు. నేను చూసింది నా మొగుణ్ణే. పట్టపగలు, మా గుమ్మంలో, భుజం మీద కట్టెల మోపుతో.

నా పేరు అరుణ. సొంతూరు కరీంనగర్. దుబాయ్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఏదైనా తేడా కనిపిస్తే దాన్ని మళ్ళీ చేసి చూపించాలి. చూపించలేకపోతే జరగనట్టే లెక్క. ఈ సంగతిని కూడా నేను ఆ పద్ధతిలోనే చూశాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

కరోనా తగ్గి ఆఫీసులు తెరిచాక మాకు అమెరికా నుంచి ఒక పని వచ్చింది. అక్కడ ఒక ఆదివాసీ తెగకు సొంత కోర్టు, సొంత ఆఫీసులు ఉన్నాయి. పిల్లల్ని వదిలేసి వెళ్ళిపోయిన తండ్రుల చేత ఆ పిల్లల పోషణ జరిపించడానికి ఒక ఆఫీసు ఉంది. దానికి మేం కంప్యూటర్ సిస్టమ్ తయారుచేయాలి.

ఆ ఆఫీసు పెద్దావిడ పేరు మేరీ అనుకోండి. వాళ్ళకు తెల్లవారితే మాకు సాయంత్రం. వీడియో కాల్‌లో పెద్ద కప్పుతో కాఫీ తాగుతూ తమ పద్ధతులు చెప్పేది. తండ్రి దగ్గర డబ్బు ఆడకపోతే డబ్బే ఇవ్వనక్కర్లేదట. కట్టెలు తెచ్చి వేయొచ్చు, చేపలు తేవచ్చు, ఇంటి కప్పు బాగుచేయొచ్చు. ఏదైనా చెల్లుతుంది. కానీ తెచ్చేవాడు స్వయంగా తేవాలి, బిడ్డ ఉండే గుమ్మం దాకా తేవాలి. ఇంకొకరి చేత పంపితే చెల్లదు.

ఇంకో సంగతి మీద ఆవిడ చాలా పట్టుబట్టింది. కట్టెల కేసుల్ని ఆఫీసు మూయకూడదు. బిడ్డ తల్లి తన నోటితో "చాలు" అనాలి. అప్పుడే మూయాలి. మా మేనేజర్‌కి ఇది మింగుడుపడలేదు. "గడువు తేదీ పెట్టేస్తే ఖలాస్ కదా, ఈ తలనొప్పి ఎందుకు" అని కాల్ అయ్యాక విసుక్కున్నాడు. మేరీ మాత్రం ఒక్క మెట్టు కూడా దిగలేదు. తల్లి మాట నమోదు చేయడానికి సిస్టమ్‌లో ఒక గడి పెట్టించింది.

పరీక్ష కోసమైనా నిజం మనుషుల పేర్లు వాడొద్దని కూడా మొదటి రోజే చెప్పింది. ఆ మాట ప్రతి క్లయింటూ చెప్పేదే. మేం తలలూపాం.

ఇక నా గొడవ. నా భర్త సతీశ్ షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో భాగస్వామి. మమ్మల్ని వదిలి అక్కడే వేరే గది తీసుకుని ఉంటున్నాడు. పోతే పోయాడు, పీడా పోయిందనుకునేదాన్నే. కానీ మా పాప మిన్ను వీసా అతని పేరు మీద ఉంది. ఆ వీసా నా పేరు మీదికి మారాలంటే తండ్రిగా అతను సంతకం పెట్టాలి. పెట్టకపోతే పాపను ఈ దేశంలో ఉంచుకోలేను. బడి మాన్పించి ఊరికి పంపాలి, నేనిక్కడ ఉండాలి. ఏడేళ్ళ పిల్ల.

ఎన్నిసార్లు అడిగానో. ఒకసారి మిన్నుకు ఒళ్ళు కాలిపోతుంటే ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాను. పాప ఎలా ఉందని కూడా అడగలేదు మహానుభావుడు. "సంతకం కావాల్నా? వచ్చి నా కాళ్ళ కాడ కూసొని అడుగు. అప్పుడు జూస్త" అని నవ్వాడు. ఆ మాటకు నా కడుపు ఎంత మండిందో రాయడానికి నాకు చేతకాదు.

టెస్టర్లకు ఒక పాడు అలవాటు ఉంటుంది. పరీక్ష కోసం వందల పేర్లు ఎక్కించాలి కదా, విసుగుపుట్టి నచ్చనివాళ్ళ పేర్లన్నీ ఎక్కిస్తాం. అద్దె పెంచిన ఇంటి ఓనర్, సెలవు ఇవ్వని పాత మేనేజర్, అందరూ మా లిస్టులో దొంగలూ ఎగవేతదారులే. నా పక్క సీట్లో నెల్లూరు కుర్రాడు రఫీ కూర్చుంటాడు. వాడు తన మేనమామను అన్ని ప్రాజెక్టుల్లోనూ చంపేస్తుంటాడు.

నేను సతీశ్ పేరు ఎక్కించాను. ఊరికే పేరు కాదు. పూర్తి పేరు, పుట్టిన తేదీ, పాప పేరు, మా ఫ్లాట్ అడ్రసు. ఇవ్వాల్సింది ఏమిటంటే, వారానికి ఒక మోపు కట్టెలు. శనివారం. కసి తీరా కొట్టాను కీబోర్డుని. రఫీ తొంగిచూసి, "ఏందక్కా, బావ మీద ఇంత పగబట్టినావా! కట్టెలు మోయిస్తన్నావే" అని నవ్వాడు.

ఆ శనివారం పొద్దున కాలింగ్ బెల్ మోగింది. మేముండేది అల్ వర్సాన్‌లోని ఇంటర్నేషనల్ సిటీలో. మూడో అంతస్తు. తలుపు తీస్తే సతీశ్. భుజం మీద ప్యాకింగ్ పెట్టెల చెక్కలు, తాడుతో కట్టిన మోపు. మెట్ల మీద నుంచి మోసుకొచ్చినట్టున్నాడు, చొక్కా తడిసి ముద్దయింది. మోపు కింద వేసి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. 

రఫీ చెప్పి ఉంటాడనుకున్నాను. వాణ్ణి నిలదీస్తే, "అమ్మతోడక్కా, ఆయన నంబరే నా దగ్గర లేదు" అన్నాడు. సరే, యాదృచ్ఛికం అనుకుందాం. కానీ నేను టెస్టర్‌ని. ఒక మోపును రెండు మోపులు చేశాను. ఎవరికీ చెప్పలేదు.

శనివారం రెండు మోపులు వచ్చాయి. వాచ్‌మన్ కూడా చూశాడు. "మేడమ్, సాబ్ ఇత్నీ లకడీ క్యోఁ లా రహే హైఁ?" అని అడిగాడు, ఇన్ని కట్టెలెందుకని. బార్బెక్యూ కోసమని ఏదో చెప్పాను.

ఇంకా నమ్మకం కుదరలేదు. సతీశ్ వాళ్ళ ఇంట్లో నీచు ముట్టరు. చేపల మార్కెట్ ఉన్న వీధిలోకి కూడా అతను కారు తిప్పడు. అందుకని కట్టెలు తీసేసి చేపలు పెట్టాను.

తెచ్చాడు. ఒక పెద్ద వంజరం చేపను రెండు చేతులతో పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళతో, డోకు ఆపుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. ఓరి నాయనో, అప్పుడు నా ఒళ్ళు జలదరించింది. దాని వెనకే ఇంకొకటి కూడా జరిగింది, దాచడం ఎందుకు, నా కడుపు చల్లబడింది. ఆ చేపను శుభ్రం చేయించి పులుసు పెట్టుకుని తిన్నాం. ఉప్పూ కారం సరిగ్గా కుదిరాయి.

మళ్ళీ కట్టెలకు మార్చాను. ఈసారి బాగా పెంచాను. మా భవనానికి లిఫ్టు ఉంది. అతను లిఫ్టు ఎక్కలేకపోతున్నాడు. మోపుతో లోపలికి అడుగు పెడితే కాళ్ళు వెనక్కి పోతున్నాయట. మెట్ల మీదే దించుకుంటూ ఎత్తుకుంటూ వచ్చేవాడు. అరచేతుల్లో పేళ్ళు గుచ్చుకుని పుళ్ళు పడ్డాయి. నేను తలుపు తీసి పెట్టుకుని, చాయ్ తాగుతూ చూసేదాన్ని.

చివరికి ఒకరోజు గుమ్మంలో కూలబడ్డాడు. "ఏం జేసినవ్ అరుణా? శుక్రారం జుమ్మా నమాజ్ బాంగు వినవడంగనే నా చేతులు గుంజుడు షురువైతది. నీ దర్వాజ కాడ మోపు దించెదాక బుక్క దిగుతలేదు. డాక్టర్‌కు సుత జూపెట్టిన" అన్నాడు.

పెళ్ళయిన నాటి నుంచి అతన్ని మీరు అని పిలిచేదాన్ని. ఆ రోజు నోట్లోంచి అదంతటదే వచ్చింది. "సంతకం పెట్టు. నువ్వు సంతకం పెడితే జూస్త" అన్నాను.

మరుసటి రోజే వచ్చి, వీసా కాగితాలు నింపిపెట్టే టైపింగ్ సెంటర్‌లో నా పక్కన నిలబడి పెట్టాడు. పెన్ను పట్టుకోవడానికి వేళ్ళు వంగలేదు. కొన్నాళ్ళకు మిన్ను వీసా నా పేరు మీదికి మారింది. పాప కొత్త ఎమిరేట్స్ ఐడీ కార్డు చేతికి వచ్చిన రోజు దాని ఫొటో చూసుకుని బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను. నా పిల్ల నా దగ్గరే ఉంటుంది.

అక్కడితో అయిపోవాలి కదా. ఆ వారమే మా పని కూడా పూర్తయింది. సిస్టమ్‌ను అమెరికాకు అప్పగించే ముందు పరీక్ష పేర్లన్నీ తుడిచేస్తాం. రఫీ తుడిచాడు, నేను పక్కన కూర్చుని చూశాను. సతీశ్ పేరు వెతికాను. లేదు. మళ్ళీ వెతికాను. లేదు. ఓనరూ లేడు, రఫీ మేనమామా లేడు. అంతా ఖాళీ. దాన్ని అలాగే అక్కడికి పంపాం. వాళ్ళు వాడుకోవడం మొదలుపెట్టారు.

శనివారం బెల్ మోగింది.

ఈసారి ప్యాకింగ్ చెక్కలు కావు. చీల్చిన దుంగలు. పైన బూడిదరంగు బెరడు, లోపల ఎర్రగా ఉంది. హాలంతా పెన్సిల్ చెక్కినప్పటి వాసన. మిన్ను ఒక ముక్క తీసుకుని, "అమ్మా, మా క్లాస్‌రూమ్ వాసన" అంది.

"యాడికెల్లి తెచ్చినవ్?" అని అడిగాను.

"నాకు తెల్వదు" అన్నాడు సతీశ్. "పొద్దుగాల లేచి జూస్తే పికప్ బండ్ల ఉన్నయి. ఎవ్వలేసిన్రో తెల్వదు. గ్యారేజ్‌ల కెమెరా సుత జూసిన. ఎవ్వలు రాలే."

అబద్ధమాడుతున్నాడేమోనని నేను కూడా వెతికాను. షార్జాలో కట్టెలమ్మే చోట్లకు ఆ ముక్క పట్టుకుని తిరిగాను. ఎవరి దగ్గరా అలాంటిది లేదు.

ఆ తర్వాత మేరీతో ఆఖరి కాల్ జరిగింది. అంతా బాగా నడుస్తోందని, అందరికీ థాంక్స్ చెప్పింది. అక్కడ చలికాలం. ఆ రోజు ఇంటి నుంచి మాట్లాడుతోంది. ఆవిడ కుర్చీ వెనక ఇనుప పొయ్యి, దాని పక్కన గోడవారగా పేర్చిన దుంగలు. బూడిదరంగు బెరడు, లోపల ఎరుపు. నేను స్క్రీన్ దగ్గరికి జరిగి చూశాను. అవే. నా బాల్కనీలో ఉన్నవే.

ఆ కట్టెలకు వాసన ఉంటుందా అని అడిగాను. ఉంటుందంది. పెన్సిళ్ళ వాసనే అంది.  అడగాల్సింది అడిగాను. తల్లి "చాలు" అనకుండా ఉండిపోతే ఏమవుతుంది?

మేరీ నవ్వింది. "ఏమీ కాదు. అతను తెస్తూనే ఉంటాడు" అంది. ఆపై కప్పు కింద పెట్టి, "అది ఆఫీసు పని కాదమ్మా, తల్లి ఇష్టం" అంది.  మేనేజర్ కాల్ ముగించాడు.

మొన్న శనివారం సతీశ్ వచ్చేసరికి నేను వంటలో ఉన్నాను. మనిషి సగమయ్యాడు. గ్యారేజీలో పని చేయలేక వాటా వదులుకున్నాడట. ఇండియాకు వెళ్ళిపోదామని టికెట్ కొని ఎయిర్‌పోర్టు దాకా పోతే, చేతులు గుంజి గుంజి బోర్డింగ్ గేటు దగ్గర నుంచి వెనక్కి వచ్చేశాడట. మోపు దించి గోడకు ఆనుకున్నాడు.

మిన్ను గుమ్మంలోకి వచ్చి చూసింది. "అమ్మా, నాన్న అలిసిపోయిండు. నీళ్ళియ్యనా?" అంది.

ఇవ్వమన్నాను. నేను రాక్షసిని కాను. గ్లాసెడు నీళ్ళు గటగటా తాగాడు. పాప లోపలికి వెళ్ళాక, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సరిగ్గా నా కాళ్ళ దగ్గర. ఆ గడి సంగతి, తల్లి మాట సంగతి నేనతనికి ఎప్పుడూ చెప్పలేదు. ఒట్టు, ఒక్క ముక్క కూడా చెప్పలేదు. రఫీని కూడా అతని ఊసు ఎత్తనివ్వలేదు.

"ఇగ చాలు అని ఒక్క మాట అనరాదే" అన్నాడు. "నీ నోటితోటి అను అరుణా. అంతే."

అతనికెలా తెలిసిందో నాకు తెలియదు. ఆ క్షణంలో నాకు ఆసుపత్రి గుర్తొచ్చింది. ఒళ్ళు కాలిపోతున్న పిల్లను ఒడిలో పెట్టుకుని నేను ఫోన్‌లో బతిమాలడం, అవతల అతను నవ్వడం. మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. రెండక్షరాలు.

"ఆ మూలకు సరిగ్గ పేర్చు, జారుతున్నయ్" అన్నాను. తలుపు వేసుకుని వెళ్ళి పోపు చూసుకున్నాను. చాలాసేపు బయట దుంగలు పేరుస్తున్న చప్పుడు వినిపించింది.

ఇదీ జరిగింది. పేరు తుడిచేశాం, సిస్టమ్ సముద్రాల అవతల ఉంది, ఆ చెట్టు ఈ దేశంలో ఎక్కడా లేదు. ఇదెలా జరుగుతోందో ఇక తెలుస్తుందన్న ఆశ నాకు లేదు. ఎలా ఆగుతుందో మాత్రం నాకు తెలుసు. అతనికీ తెలుసు.

రేపు శనివారం.