మిగిలినోళ్ళ చీటీ

గల్ఫులో, ముసఫ్ఫాలోని కూలీల క్యాంపులో పొద్దున్నే పని బస్సెక్కే ముందు ఖాదర్ హుస్సేన్ రెండు గ్లాసుల్లో పాలు లేని సులేమానీ చాయ్ పోస్తాడు, ఒకటి తనకి, ఒకటి దయారత్నానికి. వెల్డింగు నిప్పురవ్వలు పడి మచ్చలు తేలిన ఆ చేతులు ఒకప్పుడు పది గ్లాసులు నింపేవి. ఆ పదిమందీ అప్పట్లో ఒక చీటీ వేసుకున్నారు. ఇరవై ఏళ్ళకి గడువు. ఈలోగా ఎవరైనా పోతే వాళ్ళ వాటా మిగిలినోళ్ళది. "పోయేదెవరులే" అని నవ్వుకున్నారు. కరోనా ఐదుగురిని తీసుకుపోయింది. ఇంకో ముగ్గుర్ని గుండె, ఎండ, రోడ్డు పంచుకున్నాయి. ప్రతి చావుకీ ఖాదర్ గుండెలవిసేలా ఏడ్చాడు. ప్రతి చావుకీ అతని వాటా పెరిగింది. గడువింక వచ్చే రంజాన్ దాకే.

మొన్న చాయ్ తాగుతూ దయారత్నం ఆగకుండా దగ్గాడు. ఖాదర్ అలవాటు కొద్దీ నుదురు తాకబోతే తల వెనక్కి తీసుకున్నాడు. "ఏం లేదు భాయ్, దుమ్ము." "జరమేమన్నా ఉండాదేమో చూస్తా." "చూడొద్దులే భాయ్. నేను బాగానే ఉన్నా." ఆ గొంతులో కోపం లేదు, జాగ్రత్త ఉంది. ఖాదర్ చేతిని చొక్కాకి తుడుచుకున్నాడు, అంటిందేమీ లేకపోయినా. మధ్యాహ్నం నమాజు అయ్యాక దువాకి చేతులెత్తాడు. రోజూ ఆఖరున అడిగేది దయారత్నం ఆయుష్షే. ఆ రోజు ఆ పేరు దగ్గరికొచ్చేసరికి నాలుక ఆగిపోయింది. ఆమీన్ అనేసి, తను అడగని మాట అల్లాకి వినబడిందేమోనన్న భయంతో లేచాడు.